సినిమాలో రైతు అప్పు ఎంత?

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు మహర్షి సినిమాలో ప్రెస్ మీట్ ముక్క పెట్టాడు. కింద "రైతు గురించి ఇంత గొప్పగా ఇప్పటిదాకా ఎవరూ తీయలేదు" అని రాశాడు. దానికి దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసపెట్టి వచ్చాయి. నేనొక్కడినే "నాకు అలా అనిపించలేదు తమ్ముడూ, తీరిక చూసుకుని రాస్తాను" అన్నాను. అప్పట్నుంచీ "బాబాయ్ రాశావా, పెదనాన్నా ఎప్పుడు రాస్తావ్" అని ఒకటే పోరు. ఊడ్పులు అయిపోయాయి, రెండు రోజులుగా ముసురు పట్టి చేలో పని కూడా లేదు. అందుకని కూర్చున్నాను. పెద్దదే అవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందే ఒక మాట. మహేష్ బాబు అభిమానులు నా మీదకి రావద్దు. మహర్షి నేను మొదటి వారంలోనే టౌనుకెళ్ళి చూశాను, డబ్బులు దండగ అనిపించలేదు. బాగుండటం వేరు, మన గురించి చెప్పడం వేరు. నేను మాట్లాడేది రెండో దాని గురించి.

నా సినిమా పిచ్చి మీలో చాలామందికి తెలిసిందే. పక్కూళ్ళో టూరింగ్ టాకీసు ఉన్న రోజుల్లో నేల టిక్కెట్టు కొని ఇసక పోగు చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. మిషను ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసేవాళ్ళు, ఒక సినిమాకి మూడు నాలుగు ఇంటర్వెల్లు. కొత్త సినిమాలు మా దాకా రావడానికి ఏళ్ళు పట్టేది. మా నాన్న కుర్రతనంలో చూసినవే నేను నా కుర్రతనంలో చూశాను. తర్వాత దూరదర్శన్ వచ్చింది, హిందీ పాతవి అందులో చూశాను. ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయి, రాత్రిళ్ళు నీళ్ళు పెట్టేటప్పుడు గట్టు మీద కూర్చుని చూస్తుంటాను. ఇన్నేళ్ళు చూశాక రైతు సినిమాకి నాకంటూ ఒక కొలత ఏర్పడింది. తెర మీద రైతు "అప్పులపాలయ్యాను" అంటే, ఎంత అప్పు, ఎవరికి, వడ్డీ ఎంత, దేనికోసం చేశాడు అని చూస్తాను. అరుగు మీద కూర్చుని పక్కింటాయన సంగతి మాట్లాడుకుంటే మనం అడిగేవి ఇవే కదా. సినిమా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడగం?

ఈ కొలతకి సరిగ్గా నిలిచేది 1953లో బిమల్ రాయ్ తీసిన దో బీఘా జమీన్. హిందీ సినిమానే, భాష రాకపోయినా అర్థమైపోతుంది. శంభు అని ఒక బక్క రైతు, బల్‌రాజ్ సాహ్ని వేశాడు. రెండు బీఘాల చెక్క వాడిది. జమీందారు అక్కడ మిల్లు కట్టించాలనుకుంటాడు, వీడి చెక్క సరిగ్గా మధ్యలో అడ్డం. అమ్మనంటాడు. అయితే నా బాకీ తీర్చెయ్ అంటాడు జమీందారు. శంభు లెక్క ప్రకారం బాకీ 65 రూపాయలు. ఇంట్లో సామాను, పెళ్ళాం చెవి పోగులు అన్నీ అమ్మి ఆ 65 పట్టుకెళ్తే, గుమాస్తా పుస్తకం తీసి 235 అంటాడు. శంభు చేసిన చాకిరీ, పెట్టిన ధాన్యం ఏదీ ఆ పుస్తకంలో జమ పడలేదు. కోర్టు మూడు నెలలు గడువిస్తుంది. ఆ డబ్బు కోసం కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. చివరికి వచ్చి చూసేసరికి భూమి వేలమైపోయి మిల్లు లేస్తుంటుంది. అక్కడి మట్టి పిడికెడు తీసుకోబోతే కాపలావాడు దొంగతనం అనుకుని అదీ కింద పడేయిస్తాడు. ఆ సినిమాలో ఉపన్యాసం ఒక్కటి లేదు. 65, 235, మూడు నెలలు అనే మూడు అంకెలు చాలు. ఆ అంకెలు తెలిశాయి కాబట్టే వాడు రిక్షా లాగుతుంటే మన గుండె దడదడలాడుతుంది, ఇంకా ఎంత తగ్గింది, ఎన్ని రోజులున్నాయి అని మనమే లెక్కపెడుతుంటాం.

మదర్ ఇండియా (1957) కూడా అంతే. నర్గీస్ ఏడుపు గురించి అందరూ చెప్తారు గానీ, ఆ కథకి ఇరుసు వడ్డీ వ్యాపారి సుఖీలాల్ ఖాతా పుస్తకం. పెళ్ళికి తెచ్చిన 500 రూపాయల అప్పుకి పంటలో నాలుగింట మూడు పాళ్ళు వడ్డీ కిందే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. చదువు రాని వాళ్ళు కాబట్టి పుస్తకంలో ఏం రాశాడో ఎవరికీ తెలియదు. చిన్న కొడుకు బిర్జూ కోపమంతా ఆ పుస్తకం మీదే, చివరికి దాన్ని తగలబెడతాడు. ఇదే కథ మన తెలుగులో 1971లో జమున గారితో బంగారు తల్లి అని తీశారు. మా అమ్మ అది చూసి వచ్చి మా నాన్నని "మన నోటు మీద ఏం రాయించారు, ఒకసారి చదివించుకు రా" అని పంపిందట. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నవ్వులాటగా ఉండేది. నాకైతే అది ఆ సినిమాకి దక్కిన పెద్ద బహుమతి అనిపిస్తుంది.

మన తెలుగు వాళ్ళు ఈ పని అంతకంటే ముందే మొదలుపెట్టారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు రైతుబిడ్డ తీశారు, బళ్ళారి రాఘవ గారు అందులో రైతు. జమీందారీ దౌర్జన్యం గురించి తీసిన సినిమా అది. తమాషా ఏమిటంటే ఆ సినిమాకి డబ్బు పెట్టిన సారథి సంస్థ చల్లపల్లి జమీందారు గారిది. మిగతా జమీందార్లు మాత్రం గోల చేశారు, దొరల ప్రభుత్వం నిషేధం పెట్టింది. రైతు సినిమా చూసి పైవాళ్ళు భయపడిన రోజులున్నాయంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఈ కాలంలో రైతు సినిమా వస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు, అన్ని పార్టీల వాళ్ళూ చూసి మెచ్చుకుంటారు. నాకు అనుమానం అక్కడే మొదలవుతుంది.

అదే సారథి వాళ్ళు 1955లో తాపీ చాణక్య గారితో రోజులు మారాయి తీశారు. నాగేశ్వరరావు గారు, షావుకారు జానకి గారు. భూస్వామికి ఎదురు నిలబడ్డ రైతు కుర్రాడి కథ. అందులో ఏరువాక పాటకి వహీదా రెహమాన్ చేసిన నాట్యం అందరికీ గుర్తే, హిందీలోకి వెళ్ళక ముందు ఆమె చేసింది మన సినిమాలోనే. పాట రాసింది కొసరాజు గారు, బాపట్ల వైపు మనిషి. కాడి, మేడి, కర్రు ఎలా ఉంటాయో తెలిసినవాడు రాసిన పాటకి, తెలియనివాడు రాసిన పాటకి తేడా మనకి చెప్పక్కర్లేదు. ఈనాటి పాటల్లో "మట్టి వాసన" అని ఊరికే వస్తుంది. ఏ మట్టి? రేగడా, ఇసక నేలా, చవుడా?

పాతవన్నీ మేలిమి బంగారం అనడం లేదు నేను. డెబ్బైల్లో వచ్చిన పల్లెటూరి సినిమాలు సగం, పంచె కట్టిన హీరో చేలో పాటలు పాడటానికే. దసరా బుల్లోడు నేను మూడుసార్లు చూశాను, నాలుగోసారి పెట్టినా చూస్తాను, కానీ ఆ హీరో ఏ పంట వేశాడని అడిగితే చెప్పలేను. పచ్చటి చేలో పడి దొర్లుతుంటే, ఎవరిదో పాపం ఆ చేను అనుకునేవాడు మా తాత. 1976 సంక్రాంతికి వచ్చిన కృష్ణ గారి పాడి పంటలు మాత్రం పేరుకి తగ్గట్టు సేద్యాన్ని కాస్త పట్టించుకుంది. మావైపు రైతులు దాన్ని బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారని చెప్పేవాళ్ళు.

మృణాల్ సేన్ బెంగాలీ ఆయన అయినా 1977లో తెలుగులో ఒక ఊరి కథ తీశాడు. ప్రేమ్‌చంద్ కథ అది. అందులో తండ్రీ కొడుకులు పని చెయ్యరు. సోమరితనం కాదు, పని చేస్తే బాగుపడేది ఆసామీయే కదా, మనమెందుకు చెయ్యాలి అని ముసలాడి వాదం. చూస్తుంటే ఒళ్ళు మండుతుంది, మళ్ళీ వాడి మాటలో తప్పెక్కడో పట్టుకోలేం. ఇది అందరూ చూడలేరు. నేనూ రెండోసారి చూడలేదు.

మా భూమి సంగతి వేరు. 1980లో వచ్చింది. గౌతమ్ ఘోష్ తీశారు, బి. నర్సింగరావు గారు ముందుండి తీయించారు. తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యం. సాయిచంద్ వేసిన రామయ్య వెట్టి చేసే ఇంట్లో పుడతాడు, ఊళ్ళో బతకలేక హైదరాబాదు పోయి రిక్షా లాగుతాడు, అక్కడ నాలుగు మాటలు నేర్చుకుని మళ్ళీ ఊరికి వస్తాడు. చూడండి, శంభు కలకత్తా పోయి రిక్షా లాగాడు, రామయ్య హైదరాబాదు పోయి రిక్షా లాగాడు. మన ఊరి కుర్రాళ్ళు ఇప్పుడు బెంగళూరులో బండి మీద అన్నం పొట్లాలు మోస్తున్నారు. ఆ సినిమాలో సుద్దాల హనుమంతు గారు రాసిన పశుల కాపరి పిల్లాడి పాట ఉంది. ఆ పిల్లాడికి జీతం ఎంత, దొర ఎలా కొలిచి ఇచ్చాడు, అందులో ఎంత తాలు, తప్పించుకుపోయిన పశువుకి ఎంత కోత అనేదే ఆ పాట విషయం. పాటలో కూడా లెక్కే. ఆ లెక్క విన్నవాడికి తుపాకీ ఎందుకు పట్టారో వేరే చెప్పక్కర్లేదు. మాది ఆంధ్రా, మా పెద్దలు దొరల కింద వెట్టి చెయ్యలేదు. అయినా ఆ పాట వింటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక కొత్తవాటి దగ్గరికి వస్తాను.

శ్రీమంతుడు 2015, ఖైదీ నంబర్ 150 2017, మహర్షి 2019, శ్రీకారం 2021. ఈ నాలుగూ రైతుని నెత్తిన పెట్టుకున్న సినిమాలే. కానీ మొదటి మూడింట్లో రైతు ఎక్కడున్నాడో చూడండి. హీరో వెనకాల గుంపులో చేతులు కట్టుకుని ఉన్నాడు. శ్రీమంతుడిలో కోటీశ్వరుడి కొడుకు సైకిలేసుకుని వచ్చి ఊరిని దత్తత తీసుకుంటాడు. మహర్షిలో అమెరికా కంపెనీ పెద్ద వచ్చి స్నేహితుడి ఊరి కోసం టెంటు వేసుకుని కూర్చుంటాడు. ఖైదీలో రైతుల తరఫున పోరాడేవాడు జైల్లోంచి తప్పించుకుని వచ్చినవాడు. రైతుబిడ్డ, రోజులు మారాయి, మా భూమి వీటిల్లో రైతే లేచి నిలబడ్డాడు. ఓడాడో గెలిచాడో, వాడి తగువు వాడే పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడి తగువు కూడా ఇంకొకరు పెట్టుకోవాలి, వాడు కింద నుంచి దండం పెట్టాలి. పోనీ మా దగ్గర అలా ఎవరన్నా వచ్చారా అంటే, ఇన్నేళ్ళలో ఊళ్ళోకి కారేసుకుని వచ్చి భూమి గురించి అడిగినవాళ్ళందరూ కొనడానికి వచ్చినవాళ్ళే.

మహర్షి వచ్చాక వారాంతపు వ్యవసాయం అని ఒక మోజు నడిచింది కదా. మా లైన్లోకి కూడా ఒక బ్యాచ్ వచ్చింది. మంచి పిల్లలే, ఎవరినీ తప్పు పట్టను. ప్యాంట్లు మడుచుకుని దమ్ము చేసిన చేలో దిగి గంటసేపు నాటారు, ఫోటోలు దిగారు, మా ఆవిడ పెట్టిన మజ్జిగ తాగి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక ఊడ్పుల ముఠా ఆడవాళ్ళు ఆ నాలుగు మునాలు పీకి మళ్ళీ నాటారు. ముఠా మేస్త్రి అడిగింది, "ఈ రెండోసారి నాటిన కూలి ఎవరి లెక్కలో రాయాలి?" అని. సినిమాలో ఆ ఆడవాళ్ళు హీరోయిన్ వెనక పాటలో వంగి లేస్తుంటారు తప్ప ఒక్క మాట మాట్లాడరు. ఎనభై ఏళ్ళుగా అంతే, పాతా లేదు కొత్తా లేదు.

మహర్షి ప్రెస్ మీట్‌లో హీరో చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. రైతుకి జాలి వద్దు, మర్యాద కావాలి అన్న ధోరణిలో మాట్లాడతాడు. వినడానికి నాకూ బాగుంది, థియేటర్లో నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఆ ఏడు మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటా 1815 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి 1361 అన్నమాట. అదీ తేమ 17 శాతం లోపల ఉంటేనే. తేమ ఎక్కువని, నూక ఎక్కువని, తాలు ఉందని మిల్లు దగ్గర తరుగు తీస్తే మీ చేతికి ఎంత వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2025-26కి 2369 అన్నారు. బస్తాకి 1776 పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్యలో ఎరువు బస్తా ఎంత పెరిగింది, కోత మిషను గంటకి ఎంత పెరిగింది, కౌలు ఎన్ని బస్తాలు పెరిగింది అని ఒక్క సీను పెట్టి ఉంటే, మూడు గంటల సినిమాలో ఐదు నిమిషాలు, నేను ఆ తమ్ముడి మాటకి సరే అనేవాడిని. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది, వినోదం పంచిన సినిమా కోవలో. సరైన కోవలోనే ఇచ్చారు.

ఖైదీ నంబర్ 150 గురించి రాయడం నాకు కష్టం. చిరంజీవి గారు తొమ్మిదేళ్ళ తర్వాత హీరోగా తిరిగొచ్చిన సినిమా, మా బావమరిది పాలాభిషేకం చేశాడు. తమిళంలో కత్తి అని మురుగదాస్ తీసిన కథ. అందులో ఊరి రైతులు తమ గోడు ఎవరూ పట్టించుకోవడం లేదని, వార్తల్లోకి రావడానికి కెమెరా ముందు ప్రాణాలు తీసుకుంటారు. థియేటర్లో అందరూ ఏడ్చారు. నేను లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాను.

కారణం చెప్తాను. మా ఊళ్ళో కౌలుకి చేసే ఒకాయన కొన్నేళ్ళ కిందట అలాగే పోయాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. వార్తల్లోకి రావాలని పోలేదు, ఎవరికీ తెలియకూడదని పోయాడు. పదకొండో రోజు అయ్యాక వాళ్ళావిడ ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అందులో నాలుగు నోటు పుస్తకాలు. ఎరువుల కొట్టు పద్దు ఒకటి, ధాన్యం కమీషన్ కొట్టుది ఒకటి, వడ్డీకి తెచ్చినవి ఆయన సొంత రాతతో ఒకటి, పిల్ల ఫీజులది ఒకటి. "అన్నయ్యా, నువ్వు ఇంటర్ చదివావు కదా, మొత్తం ఎంతో కూడి చెప్పు" అంది. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని కూడాం. నూటికి రెండు రూపాయల వడ్డీవి, మూడు రూపాయలవి, పంట వచ్చాక ధాన్యమే ఇస్తానన్నవి, అన్నీ వేరు వేరు. ఆ మొత్తం ఎంతో ఇక్కడ రాయను, అది ఆ అమ్మాయి సొంతం. ఒక్కటి చెప్తాను. మూడేళ్ళ పంట నష్టం కంటే, ఆ నష్టం మీద వేసిన వడ్డీ ఎక్కువ.

ఆ తర్వాత సాయం కోసం కాగితాలు పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, భూమి ఆయన పేరు మీద లేదు కదా, రైతు అని ఎలా రాస్తాం అన్నారు. కౌలు కార్డు లేదు. ఆ కార్డు కోసం సంతకం పెట్టడానికి భూమి గలాయన ఒప్పుకోలేదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. ఎవరి భయం వాళ్ళది. మధ్యలో చచ్చిపోయినవాడు లెక్కల్లో రైతే కాకుండా పోయాడు.

ఇది తెలిసినవాడిని కాబట్టి ఆ సీను నేను చూడలేకపోయాను. చావుని చూపించొద్దని అనను. పీప్లీ లైవ్ (2010) కూడా రైతు ఆత్మహత్య మీద తీసిందే, నవ్విస్తూనే మొహం మీద కొడుతుంది. అందులో బతికున్న నత్థా అనే రైతు ఎప్పుడు చస్తాడా అని టీవీల వాళ్ళు ఇంటి ముందు కాపు కాస్తారు. చివరికి నత్థా ఊరొదిలి ఎక్కడో పట్నంలో కట్టుబడి పనిలో దుమ్ము కొట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆ మొహం చాలు. ఖైదీలో ఆ చావులు హీరోకి కోపం రావడానికి పనికొచ్చాయి, తర్వాత ఫైటు వచ్చింది, తర్వాత పాట వచ్చింది.

శ్రీకారం మిగతావాటికంటే నిజానికి దగ్గరగా ఉంది. శర్వానంద్ సాఫ్ట్‌వేర్ వదిలేసి చిత్తూరు జిల్లా సొంతూరికి వస్తాడు, రైతుల చెక్కలన్నీ కలిపి ఉమ్మడి సేద్యం అంటాడు. కనీసం ఇందులో హీరో రైతు కొడుకే, చేసేది వ్యవసాయమే. రావు రమేష్ వేసిన తండ్రి, ఉద్యోగం మానేశానని కొడుకు చెప్పినప్పుడు మాట్లాడకుండా ఉండిపోతాడు చూడండి, ఆ మౌనం నూటికి నూరుపాళ్ళు మనదే. రైతు తన కొడుకుని రైతుని ఎందుకు చెయ్యడం లేదు అని ఆ సినిమా గట్టిగా అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ఆ తండ్రి మొహంలోనే ఉంది, సినిమా దాన్ని పక్కన పెట్టి ఉత్సాహంగా ముందుకెళ్ళిపోయింది. మా వాడు డిప్లొమా చదివి హైదరాబాదులో ఉన్నాడు. సినిమా చూసి ఫోన్ చేసి "నాన్నా, నేనూ వచ్చెయ్యనా" అన్నాడు నవ్వుతూ. నవ్వుతూ అన్నాడా, నిజంగా అన్నాడా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రమ్మనాలని ఉంది. నోరు రాలేదు.

ఆర్. నారాయణమూర్తి గారి రైతన్న కూడా అదే 2021లో వచ్చింది. ఆయన మీద నాకు గౌరవం. సొంత డబ్బు పెట్టి, రైతు చట్టాలు, స్వామినాథన్ సిఫార్సులు అన్నీ అందులో పెట్టారు. కానీ మూడొంతులు సభలో ఉపన్యాసం విన్నట్టే ఉంటుంది. మంచి మనసు వేరు, మంచి సినిమా వేరు. ఆయన అర్ధరాత్రి స్వతంత్రంలో ఉన్న వేడి ఇందులో లేదు.

మరి కొత్తవాటిలో నా కొలతకి నిలిచింది ఏమిటంటే రంగస్థలం (2018). ఎవరూ దాన్ని రైతు సినిమా అని పిలవరు, అది నా బాధ. ఎనభైల్లో గోదావరి పల్లె. చిట్టిబాబు ఇంజను అద్దెకి తిప్పుతూ చేలకి నీళ్ళు పెడుతుంటాడు, అంటే మన నీళ్ళ పని తెలిసిన హీరో. ఊరి ప్రెసిడెంటు చేతిలో సొసైటీ ఉంటుంది. అప్పు తీసుకున్నది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి, కట్టినదానికి రసీదు లేదు, చివరికి భూమి జప్తు. దుబాయ్ నుంచి వచ్చిన అన్న ఆ పుస్తకాలు అడగడంతోనే అసలు గొడవ మొదలవుతుంది. మదర్ ఇండియాలో సుఖీలాల్ పుస్తకం అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ తెర మీదికి వచ్చింది. సుకుమార్ సినిమాల్లోకి రాకముందు కాకినాడలో లెక్కల మాస్టారు. అందుకేనేమో ఆయన కథల్లో లెక్క ఉంటుంది. పుష్ప కూడా చూడండి. దొంగ సరుకే, నేను సమర్థించను. కానీ వాడు చేసిన మొదటి తెలివైన పని, మన చేతిలో ఇంతకి కొన్న దుంగ మద్రాసులో ఎంతకి అమ్ముడవుతోందో వెళ్ళి తెలుసుకుని వచ్చి ధర అడగడం. మన మిర్చి, మన పసుపు ఆఖరికి ఎక్కడ ఎంతకి అమ్ముడవుతోందో మనలో ఎంతమంది వెళ్ళి చూశాం? ఒక స్మగ్లర్ సినిమా చూసి నాకు ఈ ఆలోచన రావాల్సి వచ్చింది.

బలగం (2023) వ్యవసాయం సినిమా కాదు, చావింట్లో చుట్టాల తగువులు. పిట్ట ముట్టలేదని ఊరంతా కంగారు పడటం, బావకీ బామ్మర్దికీ నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం. భాష తెలంగాణది, మనుషులు మనవాళ్ళే. వేణు ఎల్దండి మొదటి సినిమా అంటే నమ్మలేం. అక్కడి ఊళ్ళల్లో పంచాయతీ ముందు తెర కట్టి జనం అందరూ కలిసి చూశారు, విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని పేపర్లో వచ్చింది. టూరింగ్ టాకీసు పోయాక ఊరంతా కలిసి కింద కూర్చుని సినిమా చూడటం మళ్ళీ అప్పుడే. గట్టు తగువు ఉన్నవాళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టి మన ఊళ్ళో కూడా వెయ్యాలని నాకు ఉంది. ప్రొజెక్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, తెర నేను తెస్తాను.

చివరిగా ఒకటి, తమిళ సినిమా. కడైసి వివసాయి, అంటే ఆఖరి రైతు. 2022లో వచ్చింది, మణికందన్ తీశారు. ఎనభై దాటిన నల్లాండి అనే నిజం రైతునే హీరోగా పెట్టారు. ఆయన సినిమా విడుదల చూడకుండానే పోయారు, తర్వాత జాతీయ అవార్డుల్లో ఆయన పేరు ప్రత్యేకంగా చెప్పారు. ఊరి దేవుడి జాతరకి కొత్త ధాన్యం పెట్టాలి, ఊళ్ళో ఇంకా సేద్యం చేస్తున్నది ఈ చెవిటి ముసలాయన ఒక్కడే. కాస్త చెక్కలో వరి వేస్తాడు. చేలో చచ్చిపడున్న నెమళ్ళని పాతిపెడితే, నువ్వే చంపావని కేసు పెట్టి జైల్లో వేస్తారు. జడ్జి ముందు ఆయన గోల ఒక్కటే, నా నారు ఎండిపోతోంది, నన్ను పంపించండి అని. కేసు గురించి కాదు, విడుదల గురించి కాదు, నీళ్ళ గురించి. జడ్జి అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక, ఒక కానిస్టేబుల్‌ని రోజూ వెళ్ళి ఆ చేనుకి నీళ్ళు పెట్టమని ఉత్తర్వు ఇస్తుంది. ఫైటు లేదు, ప్రెస్ మీట్ లేదు, ఎవరూ ఏడవరు. మొక్క వంక ఆయన చూసే చూపు ఒక నటుడికి నేర్పితే వచ్చేది కాదు.

మా ఆవిడా నేనూ ఫోన్లో కలిసి చూశాం. తమిళం ముక్క రాదు ఇద్దరికీ. అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. పడుకోబోయే ముందు అడిగింది, "ఆ పోలీసాయన మడవ సరిగ్గా కట్టాడంటావా? ఆ మూల గట్టు దగ్గర నీళ్ళు బయటికి పోతున్నట్టు కనిపించింది నాకు."